లెక్కకు రాని చేపపిల్లలు



ఈసారి రాసేది స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించి కాదు. చేపపిల్లల గురించి. పోస్టు పొడుగుంటది. చాయ్ పక్కన పెట్టుకొని నిమ్మళంగ చదవండి.

మేము నలుగురం. ఇద్దరం నారాయణఖేడ్ దిక్కు తండాల నుంచి, ఒకరం ఉట్నూరు దిక్కు గూడెం నుంచి, ఇంకొకరం జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చినోళ్లం. ఇస్నాపూర్‌ల ఒకే రూముల ఉంటం. మాలో ఒకరిది జువాలజీ, ఒకరిది ఎలక్ట్రానిక్స్, మిగిలినోళ్లం పగలు కాలేజీ, రాత్రి షిఫ్టు. మా రూముల చాలా రోజుల నుంచి ఒక ప్రశ్న మీద కొట్లాట నడుస్తున్నది. చెరువుల చేపలు సచ్చినయంటే ఎన్ని సచ్చినయో ఎట్ల లెక్క పెడ్తరు?

చెప్పడానికి సులువే. తేలినయి ఏరుతరు, ట్రాక్టర్ల ఎత్తుతరు, ఇన్ని టన్నులు అని పేపర్ల వస్తది. మరి తేలని వాటి సంగతి? రెండు వేళ్ల పొడుగు కూడా లేని పిల్లలు సస్తే సగం అడుగుకు పోతయి, సగం కొంగలు, తాబేళ్లు తింటయి, మిగిలినయి ఒక్క రోజుల కరిగిపోతయి. వాటిని ఏ ట్రాక్టరూ ఎత్తది, ఏ పంచనామాల రాయరు. రెండేండ్ల తర్వాత వల ఏసినప్పుడు తెలుస్తది, ఒక ఈడు చేపలు మొత్తం లేకుండ పోయినయని. అప్పటికి అడుగుదామంటే సాక్ష్యమే ఉండదు.

ఈ కొట్లాట మమ్ముల సోనార్ దాకా తీసుకపోయింది. అందుకే ఈ పోస్టు.

మనం ఉన్న చోటు గురించి

పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, పాశమైలారం. ఈ పేర్లు మన తండాలల్ల ఇప్పుడు పని పేర్లు అయినయి. "మా పిలగాడు పటాన్‌చెరుల ఉన్నడు" అంటే కంపెనీల ఉన్నడని అర్థం. 1970ల నుంచి ఇక్కడ ఫ్యాక్టరీలు లేచినయి. మందులు, రసాయనాలు, ఇనుము, రంగులు. మనోళ్లకు కూలి దొరికింది, అది అబద్ధం కాదు. కానీ ఆ ఫ్యాక్టరీల వెనక పారే ఇసుకవాగు, నక్కవాగు రంగు మారినయి. ఆ వాగుల నీళ్లు చివరికి కలిసేది మంజీరల.

ఇది మన మాట కాదు, కోర్టు కాగితాలల్ల ఉన్న మాట. 1990ల్లోనే కాదు, సరిగ్గ 1990లోనే ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టుల కేసు పడ్డది, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది. పటాన్‌చెరుల డాక్టర్ కిషన్‌రావు గారు తన దవాఖానకు వచ్చే రోగులను చూసి, ఈ నీళ్ల సంగతి ఏమిటని దశాబ్దాల పాటు కొట్లాడిండ్రు. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్ష చేసి ఒక పేపర్ అచ్చేసిండ్రు. లీటరు నీళ్లల్ల సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని. ఆ పేపరుతోని పటాన్‌చెరు పేరు ప్రపంచమంత తెలిసింది.

అదే స్వీడన్ శాస్త్రవేత్తలల్ల కొందరు 2009ల ఇంకొక పేపర్ అచ్చేసిండ్రు. మా జువాలజీ పిల్లకు ఇదే ఎక్కువ పట్టింది. ఆ శుద్ధి అయిన నీళ్లను మంచి నీళ్లల్ల కలిపి, అందుల చేపపిల్లలను, కప్పపిల్లలను పెంచిండ్రు. అయిదు వందల పాళ్లల్ల ఒక్క పాలు కలిపితే చాలు, కప్పపిల్లల ఎదుగుదల 40 శాతం తగ్గింది. చూడండి, సావలేదు. ఎదగలేదు. తేలలేదు కాబట్టి ట్రాక్టర్ రాలేదు, పేపర్ల రాలేదు. పిల్లలకు జరిగే నష్టం ఎప్పుడూ ఇట్లనే కనబడకుండ జరుగుతది.

2009లనే ఆ శుద్ధి నీళ్లను ఇక్కడి వాగుల వదలకుండ 18 కిలోమీటర్ల పైపులైన్ ద్వారా హైదరాబాద్ మురుగు లైన్ల కలిపి అంబర్‌పేట పంపే ఏర్పాటు చేసిండ్రు. వాగు కొంత తేరుకున్నదని కొందరంటరు, వానకాలం రాత్రుల్ల ట్యాంకర్లు ఇంకా ఒంపుతనే ఉన్నరని కొందరంటరు. 2017 అక్టోబర్ల గండిగూడెం చెరువుల చేపలు తేలినప్పుడు అందరం ఫొటోలు చూసినం. అప్పుడు కూడ లెక్కకు వచ్చినయి పెద్ద చేపలే.

వదిలేటప్పుడు లెక్క, తర్వాత లేదు

తెలంగాణల 2016-17 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలైంది. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ పిల్లలు. వానకు నిండి ఎండకాలం ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంత నీళ్లుండే పెద్ద చెరువులు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. ఇంత సైజులు ఎందుకంటే, చిన్న పిల్లను పెద్ద నీళ్లల్ల వదిలితే వాలగ, కొర్రమీను ఒక్క పూటల మింగుతయి.

వదిలే రోజు లెక్క ఎట్ల చేస్తరో మీలో చాలామంది చూసే ఉంటరు. ఒక గ్లాసుల, లేకుంటే చిన్న జల్లెడల ఎన్ని పిల్లలు పడ్తయో లెక్కపెట్టి, ఎన్ని గ్లాసులు పోసిండ్రో దానితోని గుణిస్తరు. సొసైటీ అధ్యక్షుడు సంతకం పెడ్తడు, ఫొటో దిగుతరు. ఆ సంతకం తర్వాత ఆ పిల్లలకు ఏమైందో చెప్పే కాగితం ఉండదు. వారంల ఎన్ని బతికినయి? నెలకు ఎన్ని మిగిలినయి? ఎక్కడ తిరుగుతున్నయి? ఎవరి దగ్గర జవాబు లేదు. నీళ్లు మూసిన పుస్తకం లెక్క.

ఇంకొక సంగతి కూడ తెలిసి ఉండాలె. బొచ్చె, రవ్వ, మ్రిగాల మన చెరువులల్ల గుడ్లు పెట్టవు. వాటికి వానకాలం వరద కావాలె, పారే నీళ్లు కావాలె. అందుకే చెరువుకు పిల్లలను తెచ్చి వదలాలె. అదే మంజీర లాంటి నదిల అయితే వరదల అవే గుడ్లు పెట్టుకుంటయి. అంటే నదిల బొచ్చె పిల్ల కనబడ్డదంటే నది ఇంకా బతికి ఉన్నదని అర్థం. సింగూరు నుంచి మంజీర బ్యారేజీ దాకా ఉన్న నది ముక్కను 1978ల మొసళ్ల అభయారణ్యంగ ప్రకటించిండ్రు. అక్కడ పెరిగే పిల్లలే కిందికి, మీదికి చేపలను నింపుతయి. ఆ పిల్లల లెక్క ఎవరు రాస్తున్నరు?

శబ్దంతోని చూసుడు

మా ఎలక్ట్రానిక్స్ తమ్ముడు చెప్పిన పాఠం ఇది. మాకు అర్థమైనట్టే రాస్తున్నం.

నీళ్లల్ల వెలుతురు ఎక్కువ దూరం పోదు. మన చెరువు నీళ్లు మట్టిరంగు, చెయ్యి ముంచితే మోచెయ్యి కనబడది. కానీ శబ్దం నీళ్లల్ల బాగ పోతది. గాలిల సెకనుకు దాదాపు 340 మీటర్లు పోయే శబ్దం, నీళ్లల్ల దాదాపు 1,500 మీటర్లు పోతది. 1826ల జెనీవా సరస్సుల కొలాడన్ అనే ఆయన ఒక పడవ దగ్గర నీళ్లల్ల గంట కొట్టించి, కిలోమీటర్ల అవతల ఇంకొక పడవల కూసొని, చెవికి గొట్టం పెట్టి విని ఈ వేగం కొలిచిండు. మంచినీళ్లల్లనే మొదలైన విద్య అన్నట్టు.

సోనార్ అంటే ఇంతే. ఒక చిన్న బిళ్ల నీళ్లల్లకు టిక్కుమని శబ్దం వదుల్తది. ఆ శబ్దం దేనికన్న తగిలి తిరిగి వస్తది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎంత దూరంల ఉన్నదో తెలుస్తది. పది మీటర్ల లోతుకు పోయి రావడానికి సెకనుల వందో వంతు కంటే కొంచెం ఎక్కువ పడ్తది. ఎంత గట్టిగ వచ్చిందో చూస్తే తగిలింది ఎంత పెద్దదో అంచనా వస్తది. గబ్బిలం చేసేది ఇదే పని. గంగా నదిల కండ్లు సరిగ కనబడని డాల్ఫిన్ చేసేది కూడ ఇదే.

మనుషులు దీన్ని మొదట యుద్ధం కోసం పెంచిండ్రు. మొదటి ప్రపంచ యుద్ధంల ఫ్రాన్స్‌ల లాంజెవిన్ స్ఫటికం బిళ్లలతోని జలాంతర్గాములను వెతికిండు. చేపల దిక్కు మళ్లింది తర్వాత. 1929ల జపాన్‌ల కిమురా అనే శాస్త్రవేత్త చేపలు పెంచే మడుగుల శబ్దం పంపి చేపలను పట్టిండు. 1935ల నార్వే శాస్త్రవేత్త సుండ్ కాడ్ చేపల గుంపు ప్రతిధ్వని బొమ్మను అచ్చేసిండు.

మరి శబ్దం చేపల దేనికి తగుల్తది? మాంసం చాలావరకు నీళ్ల లాంటిదే, శబ్దం దాంట్ల నుంచి దూరి పోతది. చేప కడుపుల గాలితిత్తి ఉంటది చూడండి, చేప కోసినప్పుడు తెల్లగ బుడగ లెక్క వస్తది, చిన్నప్పుడు మనం కాలు కింద పెట్టి టప్పుమనిపించేటోళ్లం. తిరిగి వచ్చే శబ్దంల ఎక్కువ భాగం ఆ గాలితిత్తిదే. సోనార్ చేపను చూడది, చేప కడుపుల ఉన్న గాలిని చూస్తది.

పిల్లలను పట్టుడు ఎందుకు కష్టం

ఇక్కడనే అసలు చిక్కు.

మొదటిది, సైజు. గుడ్డు పగిలి వచ్చిన బొచ్చె పిల్ల అయిదారు మిల్లీమీటర్లు ఉంటది, దానికి ఇంకా గాలితిత్తి నిండదు. కొన్ని రోజులు గడిచి అది నిండేదాక సోనార్‌కు ఆ పిల్ల దాదాపు లేనట్టే. శబ్దం అల పొడుగు కూడ లెక్కల పెట్టుకోవాలె. సముద్రంల ఎక్కువగ వాడే 38 కిలోహెర్ట్జ్ శబ్దం అల మంచినీళ్లల్ల దాదాపు 4 సెంటీమీటర్లు, అంటే మన 35 మిల్లీమీటర్ల పిల్లకంటే పొడుగు. 200 కిలోహెర్ట్జ్ అయితే అల ఏడెనిమిది మిల్లీమీటర్లు. పిల్లల కోసం సన్న అలలు కావాలె. కానీ అల సన్నబడ్డకొద్ది దూరం పోలేదు. సన్న కన్ను జల్లెడ పట్టినట్టు, వివరం ఎక్కువ, పని నెమ్మది.

రెండోది, గుంపు. పిల్లలు ఒంటరిగ తిరగవు. ఒకదానికొకటి నాలుగు వేళ్ల దూరంల ఉంటే వాటి ప్రతిధ్వనులు కలిసిపోయి ఒక్క ముద్దగ వస్తయి. అప్పుడు ఒక్కొక్కటి లెక్కపెట్టుడు కుదరదు. మొత్తం ముద్ద ఎంత గట్టిగ మోగిందో కొలిచి, ఒక్క పిల్ల ఎంత మోగుతదో దానితోని భాగిస్తరు. బియ్యం బస్తాల గింజలు లెక్కపెట్టకుండ తూకం వేసి చెప్పినట్టు. ఒక్క పిల్ల మోత తెలవాలంటే మాత్రం వల వేసి కొన్నింటిని పట్టి, కొలిచి చూడాల్సిందే. వల లేకుండ ఒక్క సోనార్‌తోనే ఏ శాస్త్రవేత్తా లెక్క చెప్పడు.

మూడోది, సమయం. పగటిపూట పిల్లలు ఒడ్డున నాచుల, తుంగల దాక్కుంటయి. రాత్రి అయితే నడి నీళ్లల్లకు వచ్చి విడివిడిగ చెదురుతయి. అందుకే ఈ సర్వేలు చాలావరకు రాత్రి చేస్తరు. మన పెద్దలు కూడ అమాస రాత్రి వల గురించి వేరేగ మాట్లాడ్తరు, గుర్తు చేసుకోండి.

నాలుగోది మన బెల్టుకు బాగ పనికొచ్చే మాట. అడుగున నల్ల బురద కుళ్లిన చెరువుల మీథేన్ బుడగలు లేస్తయి. బుడగ అంటే గాలి. గాలితిత్తి అంటే కూడ గాలే. సోనార్ తెర మీద సచ్చిపోతున్న చెరువు నిండుగ చేపలున్నట్టు కనబడొచ్చు. దోమ జాతి పురుగుల్ల కొన్నింటి పిల్లలకు కూడ ఒంట్లె గాలి సంచులు ఉంటయి, అవీ చేపపిల్లల లెక్క మోగుతయి. బుడగ నిటారుగ మీదికి పోతది, చేప అడ్డం తిరుగుతది. రెండు మూడు రకాల అలలు పంపి, కదలిక చూసి వేరు చేస్తరు. ఇది తెలవనోడు మిషన్ చూపిస్తే, "చూడండి, మా కంపెనీ పక్క చెరువుల ఎన్ని చేపలో" అని ఎవరన్న మనకు బొమ్మ చూపించి పంపొచ్చు. తెలిసినోళ్లు మనల ఉండాలనేది ఇందుకే.

కుంట మీద మా మధ్యాహ్నం

మా ఎలక్ట్రానిక్స్ తమ్ముడు పాతది ఒక చిన్న ఫిష్ ఫైండర్ తెచ్చిండు. గాలం వేసేటోళ్లు వాడేది, నీళ్లల్ల విసిరితే ఫోన్ల బొమ్మ వస్తది. దసరా సెలవులకు నారాయణఖేడ్ దిక్కు మా తండా కుంటకు పట్టుకపోయినం. కుంట మీద చేపల హక్కు పక్క ఊరి ముదిరాజ్ సొసైటీది. వాళ్లల్ల ఒక పెద్దమనిషిని కాకా అని పిలుస్తం. ఆయనకు చెప్పి, ఆయన తెప్ప మీదనే పోయినం.

తెర మీద అడుగు వచ్చింది, నాచు వచ్చింది, అక్కడక్కడ చుక్కలు వచ్చినయి. మిషన్ వాటి మీద చేప బొమ్మలు గీసి చూపించింది. కాకా నవ్విండు. "ఇంత సిన్న కుంటల ఇంత లావు చేపలెక్కడివిరా?" అన్నడు. ఆ బొమ్మలు మిషన్ అంచనాలే, ప్రతిధ్వని గట్టిగ వస్తే పెద్ద చేప బొమ్మ పెడ్తది అని తమ్ముడు చెప్పిండు. రెండు మీటర్ల లోతుల మా మిషన్ శబ్దం పరుచుకునేది ఒక పెద్ద తాంబాళం అంత జాగల. కుంటంత చూడాలంటే ఎన్ని వందల తాంబాళాలో లెక్క వేసుకోండి.

ఇంతల కాకా తెడ్డు ఆపి తుంగ దిక్కు చూపించిండు. నీళ్ల మీద ఎర్రగ ఏదో సన్నగ ఉడుకుతున్నట్టు కనబడ్డది. కొర్రమీను పిల్లలు. వందల పిల్లలు ఒక్క ముద్దగ, గాలి కోసం మీదికి వచ్చి పోతున్నయి. కొర్రమీను మన రాష్ట్ర చేప, అది గాలి పీల్చి కూడ బతుకుతది. గుడ్లు పెట్టినంక తల్లీతండ్రీ రెండూ పిల్లలను కాస్తయి. "చెయ్యి పెట్టకు బిడ్డా, కింద తల్లి ఉంటది, కొరుకుతది" అన్నడు కాకా.

మా మిషన్ తెర మీద ఆ గుంపు లేదు. ఉండది కూడ. సోనార్‌కు తన ముఖం ముందర కొంత జాగ గుడ్డిది, నీళ్ల పైపొర దానికి కనబడది. అడుగుకు ఆనుకొని ఉన్నది కూడ సరిగ కనబడది. ఒడ్డున తుంగల అయితే మొత్తమే గందరగోళం. పైపొరను చూడాలంటే బిళ్లను అడ్డంగ తిప్పి పెట్టి చూసే పద్ధతి వేరేగ ఉన్నది.

"ఎన్ని గుంపులున్నయి కాకా?" అని అడిగినం.

"ఈయేడు ఒక్కటే జత కనబడ్డది. నిరుడు మూడు జూసిన" అన్నడు.

మా జువాలజీ పిల్ల ఆ మాటను తేదీ వేసి నోటుబుక్కుల రాసుకున్నది. మేం ఆ రోజు తెచ్చుకున్న వాటిల్ల గట్టి లెక్క అదే. పిల్లలను కాసే జతలు ఎన్ని అనేది ఏ చెరువు దగ్గరైన మనిషి కంటితోని చేయగలిగే కొలత. నడి నీళ్లల్ల తిరిగే రవ్వ, బొచ్చె పిల్లలకు మాత్రం కన్ను పనికిరాదు. అక్కడ శబ్దమే కావాలె. కాకా కన్ను ఒక పొరను చూస్తది, సోనార్ ఇంకొక పొరను చూస్తది. రెండూ కలిస్తెనే చెరువు.

దూరం దేశంల ఒక తెగ

ఇంకొక దేశం ముచ్చట చెప్పి మన దగ్గరికి వస్తం. అమెరికాల వాషింగ్టన్ రాష్ట్రంల ఎల్వా అనే నది ఉన్నది. ఆ నది ఒడ్డున లోయర్ ఎల్వా క్లాలమ్ అనే ఆదివాసీ తెగ. వాళ్ల బతుకు సాల్మన్ చేప. 1913ల ఒక డ్యాం, 1927ల ఇంకొక డ్యాం కట్టిండ్రు. చేప మీదికి పోయే దారి మూసుకపోయింది. తమ తెగ పుట్టిన చోటని వాళ్లు కొలిచే జాగ కూడ నీళ్ల కింద మునిగింది. మునిగిన ఊర్ల బాధ మనకు కొత్తది కాదు, ఎక్కువ చెప్పనక్కరలేదు.

వాళ్లు దశాబ్దాలు కొట్లాడిండ్రు. 2011ల డ్యాంలు కూల్చుడు మొదలైంది, 2014 నాటికి రెండూ పోయినయి. మునిగిన ఆ జాగ మళ్లీ బయటపడ్డది. ఇప్పుడు నదిల చేపలు తిరిగి వస్తున్నయా లేదా అని ఎవరు చూస్తున్నరు? ప్రభుత్వ శాస్త్రవేత్తలతోని పాటు ఆ తెగ సొంత సిబ్బంది. సముద్రం నుంచి మీదికి వచ్చే పెద్ద చేపలను సోనార్ కెమెరాతోని లెక్కపెడ్తరు. ఆ రకం కెమెరా శబ్దంతోనే వీడియో లాంటి బొమ్మ ఇస్తది, మట్టి నీళ్లల్ల కూడ చేప తోక ఊపు కనబడ్తది. దాన్ని మొదట తయారు చేసింది అమెరికా నేవీ అవసరాలకు. కిందికి పోయే పిల్లలను నీళ్ల ఊపుకు తిరిగే గుండ్రటి మావులతోని పట్టి, లెక్కపెట్టి, కొలిచి వదిలేస్తరు. పెద్దవాటికి శబ్దం, పిల్లలకు మావు. రెండు లెక్కలూ తెగ దగ్గర ఉంటయి.

అదే దేశంల కొలంబియా నది మీద డ్యాంల దగ్గర సోనార్లు బిగించి, పిల్ల సాల్మన్లు టర్బైన్ల నుంచి పోతున్నయా, పక్క గేట్ల నుంచి పోతున్నయా అని చూసిండ్రు. గోరంత శబ్దపు గొట్టాన్ని పిల్ల చేప కడుపుల పెట్టి, అది ఏ దారిన పోయింది, ఎక్కడ ఆగిపోయింది అని వింటరు. పిల్లలు ఏ దారిన సస్తున్నయో తెలిసినంకనే గేట్లు ఎప్పుడు తెరవాలని మాట్లాడుకునే వీలు దొరికింది.

వీళ్లకు ఈ బలం ఎక్కడిది? 1974ల బోల్ట్ అనే జడ్జి తీర్పు ఇచ్చిండు. పాత ఒప్పందాల ప్రకారం పట్టదగిన చేపల్ల సగం ఆ తెగలదే అని. తీర్పు రాంగనే ఒక ప్రశ్న లేచింది, సగం అంటే ఎన్నింట్ల సగం? మొత్తం తెలిస్తెనే గద సగం తెలిసేది. అందుకని తెగలు సొంతంగ జీవశాస్త్రవేత్తలను పెట్టుకున్నరు, కమిషన్లు కట్టుకున్నరు, లెక్క నేర్చుకున్నరు. హక్కు ముందు వచ్చింది, దాన్ని నిలబెట్టింది లెక్క.

మన హక్కు, మన లెక్క

మనకు హక్కు లేదా? ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) తీసి చదవండి. నీటి వనరుల చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అని రాసి ఉన్నది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ఏరియాల చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పజెప్పమన్నది. సంగారెడ్డి జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు, ఇక్కడ చెరువులు సొసైటీల చేతిల ఉన్నయి. కానీ ఈ గ్రూపుల ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం దిక్కు నుంచి చదివేటోళ్లు చాలామంది ఉన్నరు. పోడు పట్టాల కోసం దరఖాస్తు పెట్టినంతమంది చేపల హక్కు కోసం పెట్టిండ్రా?

సోనార్ ఏం చెయ్యదో కూడ సక్కగ చెప్పాలె. చేపలు ఎందుకు సచ్చినయో అది చెప్పది. విషమా, ఆక్సిజన్ తగ్గుడా అనేది నీళ్ల పరీక్షనే చెప్పాలె. కానీ నెల నెలా ఒకే దారిన తెప్ప నడిపి, ఒకే రకం బొమ్మ తీసి పెట్టుకుంటే, "జులైల ఇక్కడ పిల్లలున్నయి, వాన నీళ్లు వచ్చిన తెల్లారి లేవు" అని చూపించొచ్చు. తేదీ ఉంటది, చోటు ఉంటది. చేపలు తేలిన ప్రతిసారి ఒక వాదన మనం వింటం, "ఆక్సిజన్ తగ్గింది, ఎండకు సచ్చినయి" అని. కొన్నిసార్లు అది నిజమే కావొచ్చు. ఆక్సిజన్ తగ్గితే చేపలు ఎక్కువగ తెల్లవారుజామున నోరు తెరుచుకొని మీదికి వస్తయి. ఎప్పుడు వచ్చినయి, ఏవి ముందు వచ్చినయి అని రాసి ఉంటే వాదన తేలుతది. రాసి లేకుంటే గొంతు పెద్దగ ఉన్నోడి మాటే నిలుస్తది.

శాస్త్రవేత్తలు వాడే అసలు సోనార్ లక్షల మీద ఉంటది, సొసైటీ కొనేది కాదు. అందుకే అడగాల్సినోళ్లను అడగాలె. మన బెల్టుల కందిల ఐఐటీ ఉన్నది, పటాన్‌చెరుల ఇక్రిశాట్ ఉన్నది. బాచుపల్లి పక్కన ప్రగతినగర్‌ల ఇన్‌కాయిస్ ఉన్నది, అది ఉపగ్రహం బొమ్మలు చూసి సముద్రం మీదికి పోయే జాలర్లకు చేపలు దొరికే చోట్లు చెప్తది. రాజేంద్రనగర్ దిక్కు పోతే చేప ఆకారంల కట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఆఫీసు కనబడ్తది. సముద్రం చేపకు హైదరాబాద్‌ల కూసొని దారి చెప్పే విద్య ఉన్నప్పుడు, మన మంజీర చేపపిల్లకు లెక్క రాసే విద్య ఎందుకు రాకూడదు?

ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు వినండి. ఎంబీబీఎస్ సీటు రాకపోతే బతుకు ఆగిపోయినట్టు కూసోకండి. బీఎఫ్‌ఎస్‌సీ అని నాలుగేండ్ల ఫిషరీస్ డిగ్రీ ఉన్నది. మన రాష్ట్రంల పెబ్బేరుల కాలేజీ ఉన్నది, ఆంధ్రల ముత్తుకూరుల ఉన్నది. పైచదువుకు ముంబైల సిఫే ఉన్నది. మంచినీళ్ల చేపల మీద పరిశోధనకు బరాక్‌పూర్‌ల సిఫ్రి ఉన్నది. ఈసీఈ చదివేటోళ్లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు అదే పాత లైన్ ఫాలోయర్ రోబో చేసే బదులు, బుడగకూ చేపపిల్లకూ ప్రతిధ్వనిల తేడా పట్టే పని చేసి చూడండి. మీ ఊరి కుంటకు పనికొస్తది.

మిషన్ లేకున్న ఈ వానకాలం నుంచే చేసే పని ఒకటి ఉన్నది. ఊరికి ఒక నోటుబుక్కు పెట్టండి. పిల్లలను వదిలిన తేదీ, సైజు, ఎన్ని గ్లాసులు. నీళ్ల రంగు, వాసన మారిన రోజు. చేపలు మీదికి వచ్చిన గంట. చిన్న వలల పడ్డ పిల్లల పొడుగు, స్కేలు పక్కన పెట్టి ఫొటో. తుంగ పక్కన ఎర్ర గుంపులు ఎన్ని, కాసే జతలు ఎన్ని. చెరువు ఎవరి చేతిల ఉన్నదో ఆ సొసైటీ పెద్దలను కలుపుకొని రాయండి. వాళ్లకు తెలిసినంత మనకు తెలవది, మనకు వచ్చిన రాత వాళ్లకు రాదు.

మా తండా కుంట పేరు మీద మొదటి పేజీల రెండు లైన్లు ఉన్నయి: నిరుడు మూడు జతలు, ఈయేడు ఒక్కటి. మీ ఊరి చెరువుల ఎన్ని జతలు?